ఎడమ కంటి లెన్సు

ఉదయం పదకొండయ్యేసరికి పుష్ప ఎడమ కన్ను గరగరలాడడం మొదలుపెట్టేది. మొదట నలుసు పడ్డట్టు ఉండేది. కాసేపటికి రెప్ప వేసినప్పుడల్లా లోపల కాగితం రాసుకుపోతున్నట్టు ఉండేది. పన్నెండింటికి ఇక భరించలేక బాత్రూములోకి వెళ్లి, చేతులు కడుక్కుని, లెన్సు తీసి డబ్బాలో వేసుకునేది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒంటికంటితోనే పని.

ఈ సంగతి దవాఖానాలో ఎవరికీ తెలియదు. ములకలపల్లి దాటాక అడవి వైపు పోయే రోడ్డు మీద ఉన్న చిన్న సర్కారు దవాఖానా అది. పుష్ప అక్కడ స్టాఫ్ నర్సు. కాంట్రాక్టు పోస్టు కాబట్టి ఏటా మార్చి ఆఖరుకు రెన్యువల్ కావాలి. కన్ను సరిగా కనిపించని నర్సును ఎవరు ఉంచుకుంటారన్న భయం ఆమెను డిసెంబరు నుంచీ తింటోంది.

పుష్ప కళ్లు చిన్నప్పటి నుంచీ జత కుదరనివి. కుడి కంటికి ఒకటిన్నర పవరు, ఎడమ కంటికి తొమ్మిది. రెండింటికీ సరిపడా అద్దాలు పెట్టుకుంటే ఒక కంటికి మనిషి పెద్దగా, ఇంకో కంటికి చిన్నగా కనిపించి తల తిరిగేది. అందుకని ఎడమ కన్ను ఉన్నా లేనట్టే పెరిగింది. నర్సింగులో చేరిన కొత్తలో ఖమ్మంలో ఒక కంటి డాక్టరు ఎడమ కంటికి లెన్సు రాశారు. అది పెట్టుకుని హాస్టల్ మెట్లు దిగుతూ పుష్ప మధ్యలో ఆగిపోయింది. ఒక్కో మెట్టు ఎంత లోతుందో అంతకు ముందెప్పుడూ ఆమెకు అంత స్పష్టంగా తెలియలేదు. ఆ రోజు నుంచి ఏడేళ్లు ఆ లెన్సే ఆమెకు రెండో కన్ను.

ఫిబ్రవరి మొదటి వారంలో వాంతులు, విరేచనాలతో ఎనిమిది నెలల పిల్లాణ్ని తీసుకొచ్చారు. మధ్యాహ్నం రెండయింది. పుష్ప లెన్సు అప్పటికే డబ్బాలో ఉంది. పిల్లాడి చేతిని వేళ్లతో తట్టి, నరం చూసి, సూది గుచ్చింది. నరం మీద ఉందనుకున్న సూది మొన నరం పక్కనుంచి పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి గుచ్చినప్పుడు పిల్లాడు ఏడవడం కూడా మానేసి గుడ్లప్పగించి చూశాడు. అప్పుడు హెడ్ నర్సు ప్రమీలారాణి వచ్చి, ఏమీ అనకుండా పుష్ప చేతిలోంచి సూది తీసుకుని, రెండో చేతికి ఒక్కసారికే సెలైను లైను పెట్టింది.

"నీకు ఒంట్లో మంచిగ లేదా?" అని తర్వాత అడిగింది ప్రమీలారాణి.

"నిద్ర లేదు మేడం. గంతే."

ప్రమీలారాణి ఆమె ముఖంలోకి కాసేపు చూసి రిజిస్టరు వైపు తిరిగింది. ఆ చూపు పుష్పను రెండు రోజులు వదల్లేదు.

* * *

ఆదివారం పొద్దున్నే భర్త కోటేష్ బండి మీద పుష్ప తల్లాడ బయలుదేరింది. కోటేష్ కరెంటాఫీసులో లైన్‌మన్. తల్లాడ పుష్ప పుట్టిన తండాకు దగ్గర. చదువుకునే రోజుల నుంచీ ఆమె లెన్సులు అక్కడ హఫీజ్ కళ్లద్దాల దుకాణంలోనే తీసుకునేది. ఒకప్పుడు ఆయన గడియారాలు బాగుచేస్తూ ఒక మూల కళ్లద్దాలు అమ్మేవాడు. కూతురు సుమయ్య హైదరాబాదులో ఆప్టోమెట్రీ చదివి వచ్చాక గడియారాలు పోయి, వెనక గదిలో కళ్లు పరీక్ష చేసే మిషన్లు వచ్చాయి.

"దా బేటా, ఎండల పడి వచ్చిన్రు. ముందు నీళ్లు తాగున్రి," అన్నాడు హఫీజ్.

వెనక గదిలో సుమయ్య ప్రశ్నలతో మొదలుపెట్టింది. ఆమె పుష్పకంటే మూడేళ్లు చిన్నది.

"అక్కా, ఇప్పుడు పెట్టుకున్న లెన్సు ఎన్ని రోజుల నుంచి వాడుతున్నవ్?"

"అది నెల లెన్సు కదా."

"నెల లెన్సని నాకు తెలుసు. ఎన్ని రోజులైంది అని అడుగుతున్న."

"రెండు నెలలు దాటింది."

సుమయ్య రాసుకుంది, కోప్పడలేదు. "మాత్రలేమన్న వాడుతున్నవా?"

"మా ఊళ్ల మిరప కోతలు మొదలైనప్పటి నుంచి ఒకటే తుమ్ములు. కల్లాల ఘాటు. అలర్జీ మాత్ర వేసుకుంటున్న."

"రోజూనా?"

"అవ్, రోజూ. డిసెంబరు నుంచి."

"ఆ మాత్ర ముక్కునే కాదక్కా, కంటిని కూడ ఎండగొడుతది. నర్సువి, నీకు తెల్వదా?"

"తెలుసు. పేషెంట్లకు నేనే చెప్త. నాకు నేను చెప్పుకోలే."

సుమయ్య లెన్సు తీయించి, కింది రెప్ప అంచున సన్నటి కాగితం ముక్క తగిలించి, కళ్లు మూసుకోమంది. ఐదు నిమిషాలు. గది బయట కోటేష్, హఫీజ్ ఏదో మాట్లాడుకుంటున్నారు. కాగితం తీసి సుమయ్య అది తడిసిన మేర గీతలు లెక్కపెట్టింది.

"పది దాటాలె. నీది ఆరు."

తర్వాత కంట్లో పసుపురంగు మందు అద్ది, నీలం లైటు వేసి, రెప్ప వేయకుండా ఉండమని సెకన్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అక్కడ ఆగిపోయింది.

"నాలుగు సెకన్లకే తడి చెదిరిపోతున్నది. మంచి కంట్లో పది సెకన్లు నిలవాలె. నల్లగుడ్డు మీద గీరుకుపోయిన మచ్చలు కూడ ఉన్నయి. రెప్పల అంచుల్ల జిడ్డు గట్టిపడి ఊటలు మూసుకపోయినయి. నీ లెన్సు ఒక్కదాని తప్పు కాదక్కా ఇది. కన్నే ఎండిపోయింది."

"అయితే ఇంకా మెత్తని లెన్సు ఏదన్న ఇయ్యి. నీళ్లు ఎక్కువ ఉండేటివి వస్తయంట కదా, ఎండిన కళ్లకు మంచివని ఫోన్ల చూసిన."

"అందరు గట్లనే అనుకుంటరు. నీళ్లు ఎక్కువ పట్టే లెన్సు తడిగ ఉండాలంటే దానికి ఎక్కడినుంచో నీళ్లు కావాలె కదా. సీసాల ఉన్నంత సేపు బాగుంటది. నీ కంట్లకు వచ్చినంక చాలాసార్లు నీ కన్నీళ్లే తాగుతది. తక్కువ నీళ్లతోటి, గాలి బాగ పోనిచ్చే రకాలున్నయి. అందుల రోజుకొకటి పెట్టుకుని పారేసేటివి నీకు సరిపోతయని అనిపిస్తున్నది. కానీ ఇయ్యాల నేను ఏ లెన్సూ ఇయ్య."

పుష్ప అర్థం కానట్టు చూసింది.

"పదిహేను రోజులు లెన్సు ముట్టొద్దు. పొద్దున సాయంత్రం వేడి గుడ్డతోటి రెప్పలకు కాపడం పెట్టు. ఈ చుక్కలు నాలుగు పూటలు వెయ్యి. అలర్జీ మాత్ర సంగతి మీ డాక్టరునడుగు. మచ్చలు మానినంక రా, అప్పుడు ఒక్కోటి పెట్టి చూద్దాం. పాత లెన్సు మటుకు పారెయ్యి, డబ్బాతో సహా."

"పదిహేను రోజులు ఒంటికంటితోటి సూదులు ఎట్ల వెయ్యాలె సుమయ్యా?"

"మీ హెడ్ మేడంకు చెప్పు అక్కా," అంది సుమయ్య, మెల్లగా.

పుష్ప తలూపింది. చెప్పనని అప్పటికే తనకు తెలుసు. లెన్సు డబ్బాను కూడా పారేయలేదు. తీసి హ్యాండుబ్యాగు లోపలి అరలో పెట్టింది.

* * *

తర్వాతి రోజులు ఆమె దొంగలాగా గడిపింది. పిల్లల కేసులు వస్తే ఏదో ఒక వంకతో బీపీ చూడడానికో, కట్లు కట్టడానికో పోయేది. పెద్దవాళ్లకు లైను పెట్టాల్సి వస్తే నరాన్ని కంటితో కాక వేలితో వెతికేది. బయట ఉబ్బిన నరాలుంటే బతికిపోయేది. సూది లోపలికి పోయి రక్తం కనిపించేదాకా ఊపిరి బిగబట్టుకునేది. రోజుకు నాలుగైదుసార్లు అలా ఊపిరి బిగబట్టడంతో సాయంత్రానికి మెడ నరాలు పట్టేసేవి.

"చెప్తే ఏమైతది?" అన్నాడు కోటేష్ ఒకరోజు అన్నం తింటూ. "స్తంభం ఎక్కినప్పుడు నాకు కళ్లు తిరిగితే నేను చెప్పనా?"

"నీది పర్మినెంటు. చెప్తే సెలవిస్తరు. నాకు ఇంటికి పొమ్మని చీటీ ఇస్తరు."

"అట్లని..."

"నెల ఆగు. కన్ను మంచిగైతది, రెన్యువల్ అయితది. అప్పుడు చెప్త."

కన్ను నిజంగానే కొంచెం నెమ్మదించింది. పొద్దున లేవగానే రెప్పలు అతుక్కుపోవడం తగ్గింది. పుష్ప క్యాలెండరు వైపు రోజూ చూసేది. ఇంకా తొమ్మిది రోజులు. ఇంకా ఏడు. ఇంకా ఆరు.

* * *

మిగిలిన ఆ ఆరు రోజులు గడవకముందే, బుధవారం పొద్దున పది గంటలకు బాలిని తీసుకొచ్చారు. దవాఖానాకు రెండు కిలోమీటర్ల అవతల తండాలో ఉంటుంది. నలభై దాటిన మనిషి. మిరప చేలో కాయ కోస్తుంటే పాము కరిచింది. కొడుకు బండి మీద కూర్చోబెట్టుకుని తెచ్చాడు. కుడికాలు మోకాలి దాకా వాచి మెరుస్తోంది. కాటు దగ్గర రక్తం కారుతూనే ఉంది, ఆగడం లేదు.

డాక్టరు జిల్లా మీటింగుకు కొత్తగూడెం పోయారు. ప్రమీలారాణి టీకాల కోసం పక్క ఊరికి పోయింది. పుష్ప, అటెండరు గంగయ్య, ఇద్దరే ఉన్నారు.

పుష్ప ఫోన్ చేయగానే డాక్టరు ఎత్తారు. "లైను పెట్టు, జల్దీ. విషానికి విరుగుడు మందు స్టోర్ల ఉంది, నేను చెప్పినట్టు మొదలుపెట్టు. అంబులెన్సుకు చెప్పు," అన్నారు. అంబులెన్సుకు ఫోన్ చేస్తే అరగంట పడుతుందన్నారు.

బాలి చెయ్యి చల్లగా ఉంది. బీపీ పడిపోతోంది. నరాలు లోపలికి అణిగిపోయాయి. పుష్ప తండా భాషలో ఆమెకు ధైర్యం చెబుతూనే మోచేతి మడతలో వేలితో వెతికి, దొరికిందనుకున్న చోట గుచ్చింది. రక్తం రాలేదు. సూదిని కొంచెం వెనక్కి లాగి, మళ్లీ తోసింది. రాలేదు. ఆ చోట చర్మం కింద నల్లగా ఉబ్బింది.

"సిస్టర్, కాలు ఇంకా పైకి వాస్తున్నది," అన్నాడు గంగయ్య.

పుష్ప మొదటి సూది పారేసింది. రెండో సూది తీసింది. ఎడమ చెయ్యి, మణికట్టు పైన. సన్నటి నీలం గీత కనిపిస్తోంది, కానీ అది ఎంత లోతులో ఉందో తెలియడం లేదు. ఈ చెయ్యి కూడా పోతే ఇక కాలే. కాలు ఒకటి అప్పటికే పనికిరాదు.

"గంగయ్యన్నా, ఆమె చెయ్యి గిట్లనే పట్టుకో. ఒక్క నిమిషం."

బ్యాగు తీసి, లోపలి అరలోంచి డబ్బా తీసింది. పది రోజులుగా అదే నీళ్లలో ఉన్న లెన్సు. సుమయ్య పారేయమన్న లెన్సు. చేతులు సబ్బుతో కడుక్కుంది. గోడకున్న చిన్న అద్దం ముందు నిలబడి రెప్ప పైకెత్తి పెట్టుకుంది. నిప్పురవ్వ పడ్డట్టయింది. కన్నీళ్లు కారుతుంటే రెండుసార్లు రెప్ప కొట్టింది. గది నెమ్మదిగా తన లోతును తెచ్చుకుంది. మంచం ముందుకు, గోడ వెనక్కి జరిగాయి.

మళ్లీ చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని వచ్చి, మణికట్టు మీద సూది పెట్టింది. ఒక్కసారికే ఎర్రగా రక్తం వచ్చింది.

మందు ఎక్కడం మొదలయ్యాక డాక్టరు మళ్లీ ఫోన్‌లో, "మందు నడుస్తున్నది కాబట్టి నువ్వు కూడ పేషెంటుతోనే పో. ప్రమీలకు నేను చెప్త, ఆమె వచ్చి చూసుకుంటది," అన్నారు. అంబులెన్సులో ఏసీ నేరుగా పుష్ప ముఖానికి కొడుతోంది. కంటి చుక్కల సీసా దవాఖానా టేబులు మీదే ఉండిపోయింది. బాలి నాడి మీద వేలు పెట్టి, ఒక కన్ను మంటతో మూసుకుపోతుంటే రెండో కంటితో సెలైను సీసాలోంచి పడే చుక్కలు చూస్తూ కూర్చుంది. పెద్దాసుపత్రిలో బాలిని అప్పగించి, కాగితాలు రాసి, బస్సెక్కి ఇంటికి చేరేసరికి సాయంత్రం ఆరు.

తీయబోతే లెన్సు రాలేదు. కంటికి అతుక్కుపోయింది. ఇంట్లో ఉన్న చుక్కలు వేసి, ఆగి, మళ్లీ వేసి, చివరికి గోటి అంచు తగిలేలా లాగింది. లెన్సు వచ్చింది. దాంతోపాటు ఏదో చర్మం ఊడినట్టు నొప్పి.

* * *

పొద్దున పుష్ప కన్ను తెరవలేకపోయింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు సూదుల్లాగా గుచ్చుకుంది. కోటేష్ రెప్ప ఎత్తి చూసి వెనక్కి తగ్గాడు. తెల్లగుడ్డంతా ఎర్రగా ఉంది.

తువ్వాలు తలకు చుట్టి, నల్ల అద్దాలు పెట్టి, బండి వెనక కూర్చోబెట్టుకుని తల్లాడ తెచ్చాడు. దారి పొడవునా పుష్ప ఒక్కటే అడిగింది. "నల్లగుడ్డు మీద తెల్లగ ఏమన్న ఉన్నదా? మంచిగనే చూసినవా?" కోటేష్ ప్రతిసారీ "ఏం లేదు" అన్నాడు. అతనికి సరిగా తెలియదని ఆమెకు తెలుసు.

సుమయ్య లైటు వేసి చూసింది. చాలాసేపు చూసింది. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా పుష్పకు వినిపిస్తోంది.

"ఉన్నదా?" అంది పుష్ప.

"ఉన్నది. కింది అంచుకు, చిన్న పుండు. జొన్నగింజంత కూడ లేదు." సుమయ్య లైటు ఆర్పింది. "అక్కా, ఆ పాత లెన్సు పెట్టినవా?"

పుష్ప జరిగింది జరిగినట్టు చెప్పింది. సుమయ్య ముఖం మొదట కోపంతో బిగుసుకుంది. బాలి బీపీ సంగతి విన్నాక చేతిలోని దూది ముక్కను నలుపుతూ కూర్చుంది.

"అరగంటల అంబులెన్సు వచ్చేది కదా. వాళ్లు పెడుతుండిరేమో లైను," అంది పుష్ప. అది సుమయ్యను అడిగిన ప్రశ్న కాదు. రాత్రి నుంచి తనకు తాను వేసుకుంటున్న ప్రశ్న. "నేనే ఆగలేకపోయిన్నేమో."

"అది నేను చెప్పలేనక్కా. ఇది మటుకు నా చేతుల లేదు. ఖమ్మం పోవాలె, ఇప్పుడే." లోపలి నుంచే తండ్రిని కేకేసింది. "అబ్బా, నేను అక్క తోటి ఖమ్మం పోతున్న. దుకాణం నువ్వు చూస్కో."

"బండి మీద వద్దు, దుమ్ము. ఆటో మాట్లాడుత," అంటూ హఫీజ్ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఖమ్మంలో కంటి డాక్టరమ్మ పుండు మీది నుంచి కొంచెం గీరి పరీక్షకు పంపారు. పుష్పను చేర్చుకుని, గంటకోసారి చుక్కలు వేయమన్నారు.

"చూపు పోతదా మేడం?" అని అడిగింది పుష్ప.

"పుండు కంటిపాప దగ్గర లేదు, అది మన అదృష్టం. మందుకు లొంగితే అంచున చిన్న మచ్చ మిగులుతది. లొంగకపోతే లోపలికి పాకుతది. మూడు రోజులు చూడాలె. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

మూడు రోజులు. కోటేష్ సెల్‌ఫోన్‌లో గంటగంటకూ అలారం పెట్టాడు. చుక్క పడగానే మంట, చేదు గొంతులోకి దిగేది. రోజుకోసారి డాక్టరమ్మ లైటు కింద కూర్చోబెట్టి చూసేవారు. ఆమె ఏమీ అనకముందే పుష్ప ఆమె చేతుల కదలికను బట్టి ఏదో ఊహించుకునేది. మొదటి రోజు, "గట్లనే ఉంది," అన్నారు. రెండో రోజు కూడా, "గట్లనే ఉంది."

* * *

రెండో రోజు మధ్యాహ్నం ప్రమీలారాణి వచ్చింది. బత్తాయిలు తెచ్చి బల్ల మీద పెట్టింది. టేబులు మీది చుక్కల సీసా తీసి, అలవాటు కొద్దీ గడువు తేదీ చూసి, మళ్లీ పెట్టింది.

"బాలికి నయమైతున్నది. కాలు దక్కుతదన్నరు," అంది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇప్పుడు చెప్పు. ఎన్ని రోజులైంది ఒంటికంటితోటి సూదులు వేయబట్టి?"

పుష్ప దాచలేదు. "డిసెంబరు నుంచి. మధ్యాహ్నాలు."

"పక్కనే నేనున్న. ఒక్క మాట చెప్పకపోతివి."

"రెన్యువల్ ఉండె మేడం..."

"రెన్యువల్ సంగతి నాకు తెల్వదా? నేను కూడ పదకొండేళ్లు కాంట్రాక్టు చేసిన. ఆ పిల్లగాని చేతికి మూడు పోట్లు పడ్డయి పుష్పా. కనపడక పడ్డయని తెలిస్తే వాని తల్లికి నేనేం చెప్పాలె?"

పుష్ప మంచి కంట్లోంచి కూడా నీళ్లు కారాయి. ప్రమీలారాణి ఓదార్చలేదు.

"డాక్టరు సారుకు నేను చెప్తున్న. బాలి సంగతి చెప్త, పిల్లగాని సంగతి కూడ చెప్త. రెండూ చెప్త. తర్వాత వాళ్లేం రాస్తరో రాయనీ."

ఆమె వెళ్లిపోయాక పుష్ప గోడ వైపు తిరిగి పడుకుంది. ఇంతకాలం దేనికి భయపడిందో అది జరిగిపోయింది. చిత్రంగా, ఆ భయం ఉన్న చోట ఇప్పుడు ఒక బరువు మాత్రమే మిగిలింది. ఆ పిల్లాడు ఏడుపు మానేసి చూసిన చూపు గుర్తొచ్చింది. అలారం మోగింది. కోటేష్ చుక్క వేశాడు.

మూడో రోజు డాక్టరమ్మ లైటు కింద చూసి, ఇంకోసారి చూసి, "అంచులు మెత్తబడ్డయి. మానుతున్నది," అన్నారు. పుష్ప తలుపు దగ్గర నిలబడ్డ కోటేష్ వైపు తిరిగింది.

* * *

పుండు పూర్తిగా మానడానికి మూడు వారాలు పట్టింది. అలర్జీ మాత్ర ఆపించి, తుమ్ములకు ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చారు. డ్యూటీలో చేరాక డాక్టరు ఆమెకు లైన్లు పెట్టే పని పూర్తిగా ఆపారు. రిజిస్టర్లు, బీపీలు, కట్లు మాత్రమే. చేతికొచ్చిన పని కళ్ల ముందే వేరేవాళ్లు చేస్తుంటే చూడడం కష్టంగానే ఉండేది. రెన్యువల్ జాబితా మార్చి ముప్పై ఒకటిన రాలేదు. నాలుగు రోజులు ఎవరి ఫోన్ మోగినా పుష్ప ఉలిక్కిపడింది. ఏప్రిల్ నాలుగున వచ్చింది. అందులో ఆమె పేరుంది. పేరు పక్కన, ఆరు నెలలకోసారి కంటి పరీక్ష సర్టిఫికెట్ ఇవ్వాలని ఒక గమనిక ఉంది.

ఏప్రిల్ మూడో వారంలో ఖమ్మం డాక్టరమ్మ లెన్సుకు ఒప్పుకున్నారు. రోజూ పారేసే రకమే వాడాలని చీటీ మీద రాసి, కింద గీత కూడా గీశారు. ఆ చీటీతో పుష్ప తల్లాడ వచ్చింది.

ఈసారి సుమయ్య తొందరపడలేదు. ముందు కాగితం ముక్క పెట్టి చూసింది. పదకొండు. పసుపు మందు వేసి లెక్కపెట్టింది. ఎనిమిది సెకన్లు. "పది కాదు. కానీ మొదలుపెట్టొచ్చు," అంది. కళ్లద్దాల్లో తొమ్మిది పవరు లెన్సులో ఎనిమిదికి దిగుతుందని లెక్క వేసి, మూడు రకాలు బల్ల మీద పెట్టింది.

మొదటిది పెట్టగానే హాయిగా ఉంది. సుమయ్య ఆమెను కూర్చోనివ్వలేదు. బస్టాండు దాకా నడిచి రమ్మంది, వచ్చాక ఫ్యాను కింద కూర్చోబెట్టి ఫోన్ చూడమంది. నలభై నిమిషాలకు కన్ను బిగుసుకోవడం మొదలైంది. "కుర్చీల కూర్చుంటే అన్ని లెన్సులు మంచిగనే ఉంటయి," అంటూ సుమయ్య అది తీసి పారేసింది. రెండోది కంటికి వదులు. రెప్ప కొట్టినప్పుడల్లా జారి, అంచు తగిలింది. ఇక ఒక్కటే మిగిలింది. అదీ కుదరకపోతే?

మూడోది పెట్టుకుని మళ్లీ బస్టాండుకు నడిచింది. కిరాణా కొట్టు దాటింది, మిరప బస్తాల లారీ దాటింది. సగం దారిలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎడమ కంట్లో ఏమీ లేదు. మంట లేదు, బరువు లేదు, గరగర లేదు. ఎక్కడో పడిపోయిందనుకుంది. గబగబా వెనక్కి వచ్చి, "సుమయ్యా, లెన్సు పోయింది!" అంది.

సుమయ్య లైటు వేసి చూసి నవ్వింది. "ఎక్కడ పోయింది? నడిమధ్యల కూర్చున్నది."

"ఏం తెలుస్తలేదు మరి."

"తెల్వకపోవుడే మనకు కావాల్సింది అక్కా." అప్పుడు సుమయ్య గొంతు మారింది. "ఆరు గంటలు. ఏడో గంట వద్దు. నీళ్లు తగలనియ్యొద్దు, పెట్టుకుని పడుకోవద్దు, రేపటికి దాచొద్దు. ఎర్రబడితే ముందు తీసెయ్యి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. ఎవరి ప్రాణం మీదికి వచ్చినా కొత్త లెన్సు ఒకటి బ్యాగుల ఉండాలె. పాతది కాదు."

నెల రోజులు పోయాక, డాక్టరు ముందే నాలుగు కేసులు చేయించి చూసి, పెద్దవాళ్లకు లైన్లు పెట్టే పని తిరిగి ఇచ్చారు. పిల్లల కేసులు మాత్రం ఇంకా ఇవ్వలేదు. ప్రమీలారాణి రోజూ పొద్దున డ్యూటీ మార్చుకునేటప్పుడు, "కన్ను ఎట్లుంది?" అని ఒక మాట అడుగుతుంది. ఆ గొంతులో ముద్దూ లేదు, అనుమానమూ లేదు. బీపీ ఎంత అని అడిగినట్టు అడుగుతుంది.

మే ఆఖరులో అడవిలో ఎక్కడో ఆకు తగలబడి, రెండు రోజులు ఊరంతా పొగ కమ్మింది. ఆ ఉదయం పుష్ప లెన్సు పెట్టుకోలేదు. కన్ను పొద్దుటి నుంచే మండుతోంది. వార్డులో ఒక ముసలాయనకు సెలైను ఎక్కించాలి. ట్రే సిద్ధం చేసి ఉంది. పుష్ప ట్రే దగ్గర నిలబడి ఒకసారి తలుపు వైపు చూసింది. చెప్పడం ఇంకా ఆమెకు అలవాటు కాలేదు.

"మేడం," అంది రిజిస్టరు రాస్తున్న ప్రమీలారాణితో. "ఇయ్యాల నా కన్ను మంచిగ లేదు. ఇది నేను చెయ్య."

ప్రమీలారాణి తలెత్తి చూసింది. "సరే," అని లేచి వచ్చి ట్రే తీసుకుంది. "నువ్వు ఆయన బీపీ చూడు."

పుష్ప బీపీ మిషను తీసుకుని ముసలాయన మంచం దగ్గరికి నడిచింది.